తరుగు

పొద్దున స్టేడియం చుట్టూ ఎనిమిది రౌండ్లు.
మణికట్టు మీద వాచీ బుజ్జగించింది:
మూడు వందల పన్నెండు కేలరీలు ఖర్చు.
"ఖర్చైనవాటిని మళ్లీ తినొచ్చా అక్కా?"
బూటులో ఇసుక దులుపుకుంటూ అడిగింది షమీమ్.
గేటు బయట బండివాడు
ఇడ్లీపాత్ర మూత అప్పుడే తీశాడు.

నాకు లెక్కలొచ్చు.
గుంటూరు మిర్చియార్డులో ఇరవై రెండేళ్లుగా
తూకం చీటీలు రాస్తున్న చెయ్యి ఇది.
జమ ఇటు, ఖర్చు అటు.
పద్దు కుదరకపోతే నిద్రపట్టని జాతి మాది.
నడిచాను గనక నాకు బాకీ ఉంది,
బాకీ ఉంది గనక వసూలు చేసుకోవాలి.
రెండు ఇడ్లీ, పైన నెయ్యి, కారప్పొడి,
ఆ తర్వాత, ఎందుకో, ఒక గారె.
గారె ఏ ఖాతాలో వెయ్యాలో తెలియక
రాయలేదు.

ఇలా నెలన్నర.
చింతగింజంత కూడా తగ్గలేదనిపించి
ఒక మధ్యాహ్నం, టిక్కీలు దించేశాక,
ఎవరూ చూడకుండా కాటా ఎక్కాను.
డెబ్భై తొమ్మిది కిలోల ఆరు వందలు.
రెండు టిక్కీలకు నాలుగు వందల గ్రాములు తక్కువ.

ఏసుపాదం చూడనే చూశాడు.
కొక్కెం భుజానికి తగిలించుకుని
"తరుగెంత తియ్యమంటారమ్మా?" అన్నాడు.
నవ్వాను గానీ ఆ మాట
కాయ ఘాటులా ముక్కులోనే ఉండిపోయింది.

తరుగంటే ఏమిటో మాకు ఒకరు చెప్పాలా?
తేమకింత, గోతానికింత, తాలుకాయకింత
కోసి, మిగిలిందే రాస్తాం.
బాగా ఎండిందని రైతు ఒట్టేసినా
పిడికిట్లో పట్టి చూస్తాం.
గలగలమంటే సరే,
మెత్తగా ఒంగితే నీళ్లున్నట్టే.
మరి ఈ వాచీ మూడు వందల పన్నెండంటే
పట్టి చూడకుండా ఎట్లా రాసుకున్నాను?
అందులో షమీమ్‌తో కబుర్లకు నిలబడ్డదెంత,
మంచం దిగకపోయినా ఊపిరికి ఖర్చయ్యేదెంత,
నా మొహం చూసి అది వేసిన కొసరెంత?

పంతానికి పోయాను.
వారం పాటు ఒక్క మెతుకు తిరిగి తినలేదు.
నడిచింది నడిచినట్టే గాలికి వదిలేశాను.
ఐదో రోజు, చేతిలో పెన్ను తేలిపోతుంటే,
నలభై తొమ్మిది టిక్కీలను నలభై ఆరని రాశాను.
దుర్గి నుంచి రాత్రంతా లారీలో వచ్చిన రైతు
చీటీ రెండుసార్లు చదువుకున్నాడు.
తిట్టలేదు.
నా మొహంలోకి చూసి
"పొద్దున ఏమన్నా తిన్నారా తల్లీ?" అన్నాడు.

మూడు టిక్కీలు.
ఎవరి కేలరీలు అవి?

ఆ పూట షెడ్డు నీడలో ఏసుపాదం కారియర్ విప్పాడు.
అన్నం, దోసకాయ పప్పు, ఎండురొయ్యల పచ్చడి,
పైన మళ్లీ అన్నం.
అప్పటికి నూట పదకొండు బస్తాలు మోశాడు,
సాయంత్రానికి ఇంకో లారీ ఉంది.
"మోసినదానికా ఇది, మొయ్యబోయేదానికా?" అని అడిగాను.
ముద్ద చేతిలోనే ఆపి
నాకేమన్నా వడదెబ్బ తగిలిందేమోనని చూశాడు.
"ఆకలికమ్మా."

ఇప్పుడు సగమే రాసుకుంటున్నాను.
మూడు వందల పన్నెండంటే నూట యాభై ఆరు.
ఆ సగం మీద కూడా ఆకలి వచ్చి
వేలిముద్ర వేస్తేనే చెల్లింపు.
కొన్నిరోజులు రాదు. కొన్నిరోజులు
పదకొండింటికే వచ్చి కౌంటరు ముందు కూర్చుంటుంది,
ఇచ్చి పంపిస్తాను.
కాటా మొన్న డెబ్భై ఎనిమిది చూపించింది.
నిన్న మళ్లీ డెబ్భై ఎనిమిదిన్నర.
తేమ అయ్యుంటుంది.

ఈరోజు బండివాడు గారె ఎత్తి చూపించాడు.
ఖాతా లేదన్నాను.
"అప్పు రాసుకుంటాలెండి" అన్నాడు.
సగం తిన్నాను.
మిగతా సగం షమీమ్ తినేసింది.
తన వాచీ ఇంట్లో ఛార్జింగులో ఉందట.