గొళ్లెం

పదో నిమిషంలనే చెప్పిన మా లసుమక్కకు:
"సూడు, మొదాలు కుక్క సస్తది."
సచ్చింది.
"ఇగ కరెంటు పోతది."
పోయింది. సరిగ్గ యాళ్లకు ఉరిమింది,
నెల జీతం మీద పెట్టుకున్న ఉరుము లెక్క.

హన్మకొండల సెకండ్ షో. అంత కలిపి పదిహేడు మందిమి,
వెనక వరుసల ఎవడో పల్లికాయ ఒలుస్తుండు.
తెర మీద ఊరవతల అద్దాల బంగ్లా,
మొగడు, పెండ్లాం, దమ్ము రోగం పిల్ల,
బయట ముసుగులేసుకున్న ముగ్గురు.
ముగ్గురే ఎందుకో తెల్వది.
ఇద్దరైతే ఆనరేమో, నలుగురైతే ఖర్చేమో.

నేను తాళాలోన్ని.
పోచమ్మమైదాన్ మూలకు ముప్పయ్యొక్క ఏండ్ల సంది డబ్బా.
ఏడు లీవర్ల తాళాన్ని వాడు తలపిన్నుతోటి
దగ్గినంత సేపట్ల తీస్తే
బయటికే నవ్విన.
గంత అల్కగైతే నా పిల్లలు ఏం తిని పెరిగిన్రు?

కూరగాయల కత్తిని రెండుసార్లు దగ్గరికెళ్లి చూపిచ్చిన్రంటే
అది ఎవని కడుపుల దిగాల్నో రాసిపెట్టే ఉన్నది.
ఒక్కొక్కటి వేలు మడుస్తున్న.
అక్క ఊ అనది, ఆ అనది.
బీపీ గోళీ ఏసుకున్నవా అంటే తలూపింది.

అప్పుడు తలుపు కొట్టిన్రు.
మూడుసార్లు, నిమ్మళంగ.
సంగీతం బందయింది.
అది గూడ పాత ఉపాయమే, నాకెరుకే,
నోరు తెరిచి చెప్పబోయిన.

అక్క చెయ్యి లేచింది.
బొటనేలు, సూపుడేలు కలిపి
చీకట్ల, సీటు పక్కన,
లేని కందిలి మర తిప్పి
వత్తి దించింది.

ఎనభై తొమ్మిదో, తొంభయ్యో.
గణపురం దిక్కు, అక్క అత్తగారిల్లు.
రాత్రి వచ్చేటోళ్లు రెండు తీర్లు.
ఇంత గట్క ఉన్నదా అక్కా, అనేటోళ్లు.
వాళ్లకు గట్క ఎందుకు పెట్టినవే, అనేటోళ్లు.
ఎవలకు ముసుగుల్లేవు.
తుపాకి గోడకు ఆనిచ్చి నీళ్లు తాగి
సెంబు కడిగిచ్చినోడు గూడ ఉన్నడట.
వీడు మంచోడు, వీడు చెడ్డోడు అని
ముందుగాల చెప్పే వాయిద్యం రాలేదు.

ఓదెలు బావను ఓ రాత్రి, మాట్లాడి పంపిస్తమని తోల్కపోయిన్రు.
పంపిచ్చిన్రు. పదకొండు రోజులకు.
అటెంక బావ కుడిచేత్తోటి బువ్వ కలుపలే.
తోల్కపోయింది ఎవరో
అక్క చెప్పది. నేను అడుగ.

ఆ తలుపుకు గొళ్లెం బిగిచ్చింది నేనే.
పంతొమ్మిదేండ్ల పోరన్ని, చేతికొచ్చిన మొదటి పని,
ములుగు సంతల కొన్న ఇనుప గొళ్లెం, నాలుగు మరలు.
ఇయ్యాల్టికి ఇరగలే.
ఎన్నడు ఎవలు ఇరగ్గొట్టలే.
కొట్టినప్పుడల్లా
లోపటికెళ్లి అక్కనే తీసింది.

అరిగిన తాళమే ఈ కథ, ఒప్పుకుంట.
డూప్లికేట్‌కు డూప్లికేట్, దానికింకో డూప్లికేట్.
కని తాళంల ఏమున్నది?
ఎవరి చెవి వాళ్లకున్నది.

తెర మీద కత్తి దిగాల్సిన కాడ దిగింది.
ఆఖర్ల పోలీసు సైరన్ మోగింది,
హాలంత ఊపిరి ఇడిసింది,
అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

బండి మీద, పబ్లిక్ గార్డెన్ దాటినంక అడిగిన,
ఎట్లున్నదక్కా?
"మంచిగనే ఉన్నది.
కని గంతసేపు తలుపు తియ్యకుంట
ఎట్లుండగలిగిన్రురా వాళ్లు?"

ఇంటికొచ్చి గడియ పెట్టిన. గుంజి చూసిన.
పన్నోన్ని మళ్ల లేచి గుంజి చూసిన,
నా చేతి పనిని నేనే నమ్మక.

ఐదు గొట్టంగ పాలోడు కొట్టిండు,
మూడుసార్లు, నిమ్మళంగ.
ఈ అర్రల నేను, ఆ అర్రల అక్క,
ఇద్దరం మెలుకువనే ఉన్నం.
వాడు కొంచెంసేపు చూసి
ప్యాకెట్టు గడప మీద పెట్టి పోయిండు.