రెండో పేజీ

కిషన్‌పురల నా జిరాక్స్ దుకాణం.
పొద్దుగాల ఆరింటికే మిషను ఉడుకెక్కాలె.
అప్పటికే గల్లీల చెప్పుల సప్పుడు,
లైబ్రరీల కిటికీ పక్క కుర్చీ మీద
కర్చీఫు పరిసొచ్చిన పిల్లలు.

పుస్తకాలు నేను చదువ.
అవే నా చేతుల కిందికెల్లి పోతయి
పచ్చటి వెలుగుల, పేజీకి రూపాయి లెక్కన.
శానసార్లు కాపీ అయిన పేజీ
మూలకు నల్లవడుతది.
గా నలుపును జూసి చెప్త
ఈసారి ఏ ప్రశ్న వస్తదో.

చీనా దేశం పేజీ అసొంటిదే.
వెయ్యేండ్ల కిందట కోళ్లగూడంత అర్రల
మూడు దినాలు కూసోవెట్టి రాపిచ్చిండ్రట.
లోపల్నే ఎవడన్న సచ్చిపోతె
నడుమ తలుపు తియ్యద్దు గదా,
చాపల సుట్టి గోడ మీదికెల్లి అవతలికి ఇడిసిండ్రట.
ఓదెలన్న గీ పేజీ కాడ ఆగి నవ్విండు.
"గాళ్లే నయం తమ్మీ, మూడు దినాలే."
ఆయనది పదకొండో ఏడు.

అటెన్క లండన్ పేజీ.
మనోళ్లు రాయొద్దని ఎవ్వలన్లే,
నడిమిట్ల సముద్రం వెట్టిండ్రు, గంతే.
ఓడకిరాయి ఉన్నోడు ఎక్కి పొయ్యేసరికి
వయసు ఇరవయ్యొక్కటి కెల్లి పందొమ్మిదికి దించిండ్రు.
ఈ పేజీకి ఓదెలన్న నవ్వలే.
ఆయన వయసు గూడ గీ డిసెంబర్ల దాటుతది.

మా తాత సంగతి ఏ గైడుల లేదు.
ఆయన కాలంల కచేరంత ఉర్దూ.
పరకాల అంగట్ల అర్జీలు రాసెటాయనకు
రెండు కోళ్లిచ్చి రాపిచ్చిండట,
కింద బొటనేలు ఒత్తిండట.
ఏం రాసిండ్రో తాతకు ఎర్కలే.
భూమి రాలే.
ఏలి నీలం వారం దాక పోలే.

మొన్న పాస్‌బుక్కుల మా అవ్వ మొగోడైంది.
లసుమవ్వకు లసుమయ్య అని వడ్డది.
"ఇగ మీ నాయిన్ని గూడ నేనే" అని
ఒక పూట నవ్వింది.
రైతు పైసలు రాకపొయ్యేసరికి నవ్వు బందయింది.
అర్జీ రెండు పేజీలు.
మొదటిదాంట్ల అంత బతిమాలుడే,
సర్వే నంబరు, అసలు తప్పు రెండోదాంట్ల.
నాలుగుసార్లు తిరిగినం.
నలుగురూ మొదటి పేజీ మీద ముద్ర కొట్టి
పక్కకు వెట్టిండ్రు.

ఐదోసారి కుర్చీల కొత్త పిల్ల.
జాటోతు సునయన.
నా దుకాణంల ఇంక నూటా నలభై బాకి ఉన్న సునయన.
నన్ను గుర్తువట్టలే. నాకు చెప్పబుద్ధి కాలే.
పేజీ తిప్పింది.

గంతే. పేజీ తిప్పిన సప్పుడు.
నా మిషను దినాం రెండు వేలసార్లు చేసే సప్పుడే.
అవ్వ నా మోచెయ్యి గట్టిగ వట్టుకున్నది.
"లసుమవ్వ అంటె నువ్వేనా?"
"నేనే బిడ్డా. నేను ఆడిదాన్నే."

గా అర్రలు, గా ఓడలు,
ఓఎమ్మార్ షీట్ల దిద్దిన గిన్ని నల్లసుక్కలు,
అన్నీ ఒక మనిషిని
రెండో పేజీ దాక తోలుడానికేనా?
నాకు తెల్వది.
ఓదెలన్న గా కుర్చీల కూసుంటె
మూడో పేజీ ఏదని అడిగెటోడని మాత్రం తెల్సు.
పోయినసారి ఒకటిన్నర మార్కు తక్కువైంది.

పేరింక మారలే. ఫైలు పైకి పోయిందట.
ఖాతాల నూటా నలభై అట్లనే ఉన్నది.

రేపు ఆదివారం పరీక్ష.
పొద్దుమూకెదాక హాల్ టికెట్ల లైను.
ఒక పిలగాడు అన్నడు,
"ముందటిదొక్కటే చాలన్నా, ఎన్కదాంట్ల ఏముండది."
ఎన్కది గూడ తీసిచ్చిన.
దానికి రూపాయి తీసుకోలే.