తడి మూట

టెక్కలి ఆసుపత్రిలో ఆపరేషన్ గది వెనక
కిటికీ లేని గదికి
పారమ్మ పెట్టిన పేరు వంటిల్లు.
పప్పూ బియ్యం ఉండవు.
కత్తెరలు, పట్టకార్లు,
ఆకుపచ్చ గుడ్డల దొంతర,
నా నడుమెత్తు ఆటోక్లేవు.

చేరిన మొదటిరోజే
నెత్తురు మరకతో ఉన్న కత్తెరని
క్లోరిన్ నీళ్ళలో పడేశాను.
బయటికి తీసి నా ముందు పెట్టింది.
"మురికి మీద మందు పోస్తే
మురికే తాగేస్తాది గుంటా,
పురుగుకేటి మిగుల్తాది?
ముందల తోము. కీలు ఇప్పి తోము."
పళ్ళు తోముకునే బ్రష్షుతో
ఆ కీలు దగ్గరే నాకు పూట గడిచింది.

మరిగిస్తే చాలదా అన్నాను.
వాళ్ళ చేలో తుంగ సంగతి చెప్పింది.
ఆకు పీకితే పోయినట్టే ఉంటాది,
గడ్డ అడుగునుంటాది,
వానొస్తే మళ్ళీ లేస్తాది.
కొన్ని క్రిములూ అంతే,
గడ్డుకాలం వస్తే గింజకట్టి ముడుచుకుంటాయి,
మరిగే నీళ్ళలోనూ నిద్రపోతాయి.
ఆ గడ్డ దాకా దిగాలంటే
ఆవిరిని మూతపెట్టి అదమాలి.
నూట ఇరవయ్యొక్క డిగ్రీలు, పదిహేను పౌన్లు.
ముందు లోపలి గాలిని పోనివ్వాలి.
గాలి దాక్కున్న మూలకి ఆవిరి రాదు.

అంకెలు ఆమెకి రావు.
ముల్లు ఎక్కడ నిలవాలో
గాజు మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టుకుంది.
మూటకి అంటించిన టేపు మీద
పాలిపోయిన చారలు నల్లబడటం
ఆమె చదివినంత శ్రద్ధగా
నేను పరీక్ష ఫలితాల్లో నా నంబరు కూడా చూసుకోలేదు.
నల్లబడ్డా పూర్తిగా నమ్మేది కాదు.
"ఇది ఏడి తగిలిందని సెప్తాది,
సచ్చేయని సెప్పదు."

తుపాను రాత్రి
భావనపాడు వైపు గాలి రేకులు ఎత్తుకుపోతోంది.
జనరేటర్లో నీళ్ళు.
ట్రాక్టరు మీద తెచ్చిన పిల్లకి
కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉంది.
క్యాంటీన్ కుక్కరు గ్యాసు పొయ్యి మీదకెక్కింది.
అడుగున పీట, పైన ఇనప సామాను డబ్బా,
ఆ పైన గుడ్డల మూట.
ఆవిరి బుసకొట్టే దాకా ఆగి
అప్పుడు బరువు పెట్టింది.
నా సెల్ఫోన్లో గడియారం, పన్నెండు శాతం చార్జింగు.

డాక్టరు జగన్నాయకులు గారు రెండుసార్లు వచ్చారు.
"అయిందా పారమ్మా?"
"నేదు బాబూ."
మూడోసారి తలుపు తోసుకొచ్చి
మూట మీదికి చెయ్యి చాపారు.
"ముట్టకండి.
అది తడి మూట. తడిమూట మూట కాదు బాబూ,
తడిలోంచి పురుగు నడిసొస్తాది.
డబ్బా తీసుకెల్లండి, మూత తియ్యకండి.
గుడ్డలకి బీరువాలో నిన్నటి మూటుంది,
సిన్నదే గాని పొడిది."

ముట్టకండి.
ఆ మాట నాకు ఇంకో ఊళ్ళోంచి వినిపించింది.
టీ కొట్టు చూరులో వేరుగా దోపిన గ్లాసు,
ఎత్తునుంచి దోసిట్లోకి పోసిన నీళ్ళు.
ఒక్కసారే చెప్పింది నాతో,
గుడ్డలు మడతపెడుతూ, తల ఎత్తకుండా.
ఆ మైలని ఏ సూక్ష్మదర్శినీ చూపించలేదు.
ఎన్ని డిగ్రీల దగ్గర చస్తుందో
మా పాఠాల్లో రాయలేదు.

డాక్టరు గారి చెయ్యి వెనక్కి వెళ్ళింది.

తెల్లారుజాము నాలుక్కి ఆడపిల్ల ఏడ్చింది.
ఏడోరోజు తల్లి కుట్లు విప్పారు, చీము లేదు.
దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.
రానిదాన్ని ఎవరు చూస్తారు?

మొన్న జూన్‌లో రిటైరైంది.
శాలువా, యాపిల్ పళ్ళ బుట్ట, గ్రూపు ఫోటో.
పిలుస్తుంటే పని మధ్యలోంచి వచ్చింది,
అప్పుడే చేతులకి స్పిరిటు రాసుకుని.
డాక్టరు గారు చెయ్యి చాపారు.
పారమ్మ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి
"ఉండండి బాబూ, ఆరనీండి" అంది.

అందరం ఆగాం.