సాంబ్రాణి బ్యాచ్

ఆ మాట మేడం నోట్లో నుంచి రాంగానే
మద్దిలేటి చెయ్యెత్తి అడిగినాడు:
"ఆన్‌సాంబుల్ అంటే ఏంది మేడం, సాంబ్రాణా?"
ఆ పొద్దు నుంచి కాలేజీలో మా పేరు
సాంబ్రాణి బ్యాచ్.

నేను రారాజు వేషం కోసం చేరినోణ్ణి.
మా జేజినాయన రేకు గదకు
నూనె పూసి, పాత పంచెలో చుట్టి,
కోడుమూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినోణ్ణి.
ఆయన రాగం తీస్తే పెట్రోమాక్స్ లైటు వణికేదంట,
ఒకే పద్యానికి మూడు వన్స్ మోర్‌లంట.
ఎస్తేరు మేడం గదను చేతిలోకి తీసుకుని
బరువు చూసి
కిటికీలో పెట్టింది.
"బాగుంది. ఇప్పుడు నడువు."

నడిచినాం.
మూడు వారాలు వట్టి నడకే.
పుస్తకం లేదు, పాత్రల్లేవు, హీరో ఎవరో తెలీదు.
హాలు నేల మీద పోయిన పరీక్షల నాటి
సుద్ద నంబర్లు ఇంకా చెరగలేదు.
వాటి మీద, వాటి మధ్య,
యాడ ఖాళీ ఉంటే ఆడికి.
ఎవరూ చెప్పకుండా, ఎవరూ సైగ చెయ్యకుండా
పదకొండు మందీ ఒకేసారి ఆగాలంట.
ఒకేసారి!
రోజూ చెడగొట్టేది నేనే.
ఆగేటప్పుడు గూడా ఎవరన్నా చూస్తాండారేమోనని
అర క్షణం ముందే ఆగుతాంటి.
మేడం తిట్టదు. "మళ్ళీ" అంటుంది, అంతే.
ఆ మళ్ళీకి, మా జేజినాయన వన్స్ మోర్‌కు
ఏ చుట్టరికమూ లేదు.

నాలుగో వారం
"ఇంట్లో నుంచి వరద తీసుకురాండి" అనింది.
కర్నూలు మునిగిన నాటికి
మాలో ఎవరికీ మూడేళ్ళు నిండలేదు.

దాదాపీర్ వాళ్ళ నాయన టేపు తెచ్చినాడు.
టైలరు. మిద్దె మీద రెండు రాత్రులు
పెళ్ళిబట్టల మూట నెత్తిన పెట్టుకుని నిలబడినాడంట,
అన్నీ ఊరోళ్ళవి, ఒక్కటీ తనది కాదు.
టేపు మీద ముప్పయ్యారు అంకె నుంచి
కిందికంతా రంగు వేరే.
షబానా ఏమీ తేలేదు.
"అటక మీద పాముండాదని
మా అమ్మ నా నోరు మూసిందంట" అని
తన నోరు తానే మూసుకుని చూపించింది.
అదే మా మొదటి సీను.

ఉరుకుందమ్మ ఖాళీ ప్లాస్టిక్ బిందె తెచ్చింది.
"మాది ఆలూరు పక్క.
మీరు మునిగిన నెల తిరక్కముందే
మావోళ్ళు ట్యాంకరు లైన్లో ఉండారు.
నేనేం తేవాల?"
హాల్లో ఫ్యాను చప్పుడు.
మేడం గూడా నేల చూసింది.
మద్దిలేటే, ఈసారి నవ్వులాటకు కాదు,
"అయితే నువ్వే నీళ్ళయిపో" అన్నాడు.

ఆమె బిందె దొర్లించింది,
గచ్చు మీద గరగరా, చానా నిదానంగా.
మేము వెనక్కి జరిగినాం.
జరగమని ఎవరూ చెప్పలేదు.

నాకు దక్కిన వేషం గోడ.
గోడ గూడా కాదు,
గోడ మీద నీళ్ళు నిలిచిన గీత.
చెయ్యి అడ్డంగా చాపి పదకొండు నిమిషాలు.
మాట లేదు, పద్యం లేదు.
ఇంట్లో చెప్పలేదు.

పాతబస్తీలో, హంద్రీ పక్క సందులో
చాపలు పరిచి ఒక్క బల్బు కింద ఆడినాం.
షబానా నోరు మూసుకునింది. టేపు సాగింది. బిందె కదిలింది.
నేను ఎద ఎత్తున చెయ్యి చాపి నిలబడినా.
ముందు వరుసలో, ఒళ్ళో చాట పెట్టుకుని
ఉలవలు ఏరతాండే ముసలామె తలెత్తింది.
"అంత కాదు నాయనా. ఇంగా పైకి."
గొంతు దాకా ఎత్తినా.
"ఇంగా."
కళ్ళ దాకా.
"ఆ తలుపు మీద మేకుండాది సూడు, ఆడిదాకా."
మునివేళ్ళ మీద లేచినా. అందలేదు.

ఇది రిహార్సల్లో లేదు.
సుంకన్న వచ్చి నా కాళ్ళు పట్టి లేపినాడు,
ఇంకెవరిదో భుజం నా మడమ కింద దూరింది,
ఎవరిదో ఇప్పటికీ తెలీదు.
బిందె ఆగింది.
నడిచేవాళ్ళు ఆగినారు.
నేనూ ఆగినా.
ముందు కాదు, వెనక కాదు.

వేలికి మేకు తగిలింది. తుప్పు.
ముసలామె చాట పక్కన పెట్టి
"ఆ" అనింది,
"ఆడికే."