తరుగు

యార్డులో కాటా మీద బస్తా పడగానే
ముందు తరుగు తీస్తారు.
గోతానికింత, దుమ్ముకింత, తేమకింత.
మిగిలిందే రైతు లెక్క.

మా నాన్న జక్రయ్య ముప్పయ్యేళ్ళు
గుంటూరు మిర్చి యార్డులో హమాలీ.
పోయిన రోజు ఆయన్నీ అలాగే తూచారు.

"తాగకపోతే బంగారమమ్మా" అంది కరుణమ్మత్త.
సారాకింత తీసేసింది.
"టిక్కీలు మోసి మోసి, ఒళ్ళు నొప్పులకి అలవాటు పడ్డాడు"
అన్నాడు ముఠా మేస్త్రీ. నడుముకింత.
పాస్టరుగారు సైతానుకింత తీశారు.
చదువుకున్న మా పిన్ని కొడుకు ప్రసంగి
"అదొక జబ్బక్కా, ఆయన చేతిలో లేదు" అన్నాడు.
వాడు తీసిందే ఎక్కువ.

అమ్మ ఏమీ అనలేదు.
బొటనవేళ్ళు కలిపి కట్టడానికి
గుడ్డపీలిక వెతుకుతోంది.

అన్నీ పోగా మిగిలిన మనిషి ఎంత తేలికంటే
మోయడానికి నలుగురెందుకా అనిపించింది.

నా ఎడమ చెవి ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
సారా కొట్టు నుంచి వచ్చి చిల్లర లెక్క అడిగాడు.
అర్ధరూపాయి తక్కువ.
జీళ్ళు కొన్నాను. మూడు తిని
రెండు ఆయనకని కాగితంలో చుట్టి
దూలం సందున పెట్టాను. ఆ మాట చెప్పేలోపే…

దెబ్బ గుర్తులేదు.
తర్వాతి ఈల గుర్తుంది.
సిగ్నల్ ఇవ్వక ఊరి బయట ఆగిపోయిన పాసింజరు బండిలా
మూడు రోజులు కూసి కూసి
ఆ పక్కంతా చీకటైంది.

మర్నాడు పొద్దున పెద్దాసుపత్రికి
భుజాన వేసుకుని తీసుకెళ్ళింది ఆయనే.
చీటీ లైన్లో రెండు గంటలు కిందకి దించలేదు.
ఆయన మెడ దగ్గర మిరపకోరు వాసన, తుమ్ము ఆపుకున్నాను.
"ఎలా తగిలిందయ్యా?" అన్నాడు డాక్టరు.
"మంచం మీంచి పడిందండీ."
అంటూ నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

ఆ పొద్దున ఆయన చుక్క ముట్టలేదు.
ఆ అబద్ధానికి దేనికింతని తీయను?

ఇంటికొచ్చాక చెవిలో మందు తనే వేశాడు.
మూడు చుక్కలు వేయమంటే
చెయ్యి వణికి రెండు చెంప మీద పడ్డాయి.
వణికింది భయానికో, రాత్రిది దిగకో.
ఇన్నేళ్ళొచ్చినా తేల్చుకోలేదు.
దూలంలో జీళ్ళు
చీమలు పట్టి తీసుకుపోయాయి.

ఇప్పుడు ఏటుకూరు రోడ్డులో కాయ తొడిమలు తీస్తాను.
ఎర్రకాయ ఒక కుప్ప, తాలుకాయ ఒక కుప్ప.
చేతులకి అలవాటే, చూడక్కర్లేదు.
మధ్య మధ్య ఒకటి తగులుతుంది,
తొడిమ వైపు నెత్తురెరుపు, కొస తెల్లగా పాలిపోయి.
ఏ కుప్పలో వేయాలో
పక్కన కూర్చున్న మార్తకీ తెలీదు.
మేస్త్రీ చూడకుండా ఒళ్ళో వేసుకుంటాను.
సాయంత్రం లేచి చీర దులిపితే
అన్నీ కిందే పడతాయి.
చేతుల మంట మాత్రం
అన్నం కలిపేటప్పుడు తెలుస్తుంది.

రాత్రి కుడిచెవి దిండుకి అదిమి పడుకుంటే
సందులో గొడవలు వినబడవు,
తలుపు తన్నే చప్పుడు వినబడదు.
ఇంత నిశ్శబ్దం
మా వాడలో ఇంకెవరికీ లేదు.
ఆయన నాకిచ్చిందేదైనా ఉంటే ఇదే.
దీన్ని ఇచ్చాడనాలా, తీసుకున్నాడనాలా,
నా పేరు సువార్త అని పెట్టింది కూడా
ఆయనే మరి.

నలభయ్యో రోజు కూడిక పెట్టాం.
కరుణమ్మత్త వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది.
చాలాసేపు మాట్లాడింది.
పెదాలు చూస్తే తెలుస్తూనే ఉంది
ఏం అంటోందో.

నేను చోటు మారలేదు.