చిక్కు

పొందూరులో మా అద్దెగది గోడకి అవతల
రెండు రాట్నాలు.
తెల్లారగట్ల ఒకటి ముందు, ఒకటి వెనక.
నా కాఫీ చల్లారేలోగా
ఒకటే చప్పుడు.

ఒకే గచ్చు మరి.
నీలమ్మ, తోడికోడలు అసిరమ్మ;
ఆరేళ్ళుగా మాటల్లేవు.
వాలుగ దవడతో పత్తి దువ్వుకుంటారు ఎడమొహం పెడమొహంగా,
ఒకామె చెయ్యెత్తితే
రెండో కదురు మీద దారం సాగుతుంది.

నా నోటుబుక్కులోనూ రెండు డోలకాలున్నాయి,
ఇంక చల్లబరచలేనంత చలిలోనూ వణుకు మానవు.
లయ కలవడం వేరు, చిక్కుపడటం వేరని
బోర్డు మీద రాస్తాను;
పిల్లలు ఎక్కించుకుంటారు.
చిక్కుపడ్డవాటిలో
ఏ ఒక్కదాన్ని అడిగినా పిచ్చి జవాబే,
జంటని అడిగితే పొల్లు పోదు.
అదే మా దగ్గర సంపద.
నూలు వడికేచోట ఆ మాట అనకూడదు.

"లయ ఎవరిదమ్మా?" అన్నాను.
"దాని సప్పుడు నానేటి ఇంతానా బాబూ?" అంది నీలమ్మ,
కదురు మీంచి కన్నెత్తకుండా.

నిన్న అసిరమ్మకి జొరం.
ఒంటి రాట్నం.
వందో నంబరు నూలు మూడుసార్లు తెగింది.
నా కాఫీ ఎప్పుడు చల్లారిందో తెలీలేదు.

సాయంత్రం కిటికీలోంచి చూశాను:
ఒళ్ళో చిక్కు పెట్టుకుని కూర్చుంది నీలమ్మ,
వేలితో తడుముతోంది గానీ
విప్పటంలేదు.