నీడ ఎటు

కావలిలో ఉదయగిరి బస్సులు మలుపు తిరిగేచోట
ఫ్లెక్సీ ఒకటి చినిగి వేలాడుతుంటే
దాని వెనక గోడ మీద కనపడింది
మీనాక్షి సోడా ఫ్యాక్టరీ.
ఎర్ర అక్షరాలు, పసుపు అంచు.
డా దీర్ఘం, గోళీ నొక్కిన సీసాలా
పైకి పొంగి పక్కకి ఒలికింది.
కింద మూలన చీమంత రాతలో
కాలేషా.

ఆయన్ని పట్టుకోడానికి నాలుగు ఆదివారాలు.
మద్దూరుపాడులో మేకలకి రొట్ట వేస్తున్నాడు.
"మీ అక్షరాలతో ఫాంటు చేస్తానండీ,
పాతకాలం బోర్డులా ఉండాలని
హోటళ్ళవాళ్ళు అడుగుతున్నారు."
రొట్ట దులుపుకుంటూ అన్నాడు:
"మేం రాసేటప్పుడు అది పాతది కాదమ్మా."

అప్పటి రేట్లు చెప్పాడు.
అక్షరం రూపాయిన్నర, ఒత్తు ముప్పావలా,
సున్న ఊరికే.
తుమ్మలపెంట పిచ్చయ్య బేరమాడి
ఒత్తులు రెండూ మానెయ్యమంటే మానేశాడట.
మూడేళ్ళు పిచయ కిరాణా.
వియ్యంకుడు బోర్డు చూసి నవ్వినాక
రూపాయిన్నర తెచ్చిచ్చి
మళ్ళీ పిచ్చయ్య అయ్యాడు.

ల్యాప్‌టాప్ అరుగు మీద పెట్టి తెరిచాను.
కళ్ళద్దాలు లుంగీతో తుడుచుకుని
వరసగా చూసుకుంటూ వచ్చి, ఆగాడు.
"ఈ లా ఇరుకుగా ఉండాదేంది?"
"మీరే రాశారండీ, విమలా టైలర్స్‌లో."
"అక్కడ కిటికీ అడ్డమొచ్చింది.
ఇక్కడ కిటికీ ఏదీ?"

ఆ రాత్రి కిటికీ తీసేసి లా వెడల్పు చేశాను.
అది ఆయనలా లేదు,
నాలానూ లేదు.

మరుసటి వారం నీడ దగ్గర తగాదా.
"అన్నిటికీ కుడిపక్కకే వేశావే?"
"ఒకే ఫాంటు కదండీ, ఒకే వైపు పడాలి."
"దక్షిణం చూసే గోడకి
పొద్దున రాస్తే నీడ ఎడమకి,
అసర్ దాటినాక రాస్తే కుడికి.
ఎదురుగా నిలబడ్డోడికి
అక్షరం గోడలోంచి బయటికి రావాల.
నీ దాంట్లో ఇప్పుడు టైమెంతమ్మా?"

తెర మూలన పదకొండూ నలభై రెండు.
ఆ మాట చెప్పలేదు.

"ఇంకా దొరకనివి ఉన్నాయండీ. ఙ, ఞ, ఝ..."
"ఙ పేరుతో ఎవడన్నా అంగడి పెట్టాడా?" నవ్వాడు.
నేనూ నవ్వాను. "నువ్వు నవ్వబాక,
ఝ ఒకటి రాశా.
ఝాన్సీ గాజుల కొట్టు. రోడ్డు వెడల్పులో పోయింది."

మేకల తొట్టిలో రెండు వేళ్ళు ముంచి
నాపరాయి మీద గీశాడు.
ఒక్క ఊపులో, వేలు ఎత్తకుండా,
చివర తోక దగ్గర మాత్రం
మణికట్టు చిన్నగా తిప్పి.
రోహిణి ఎండ.
ఫోన్ తీసి, తెర తెరిచి, వంగేసరికి
తల ఆరిపోయింది.
పొట్ట సగం, తోక, కొన్ని చుక్కలు.
"మళ్ళీ వెయ్యండి" అన్నాను.
వేశాడు. అది వేరే ఝ.

ఫాంటుకి కాలేషా అని పేరు పెడతానంటే
మీనాక్షి అని పెట్టమన్నాడు,
ఆ సోడా ఆయన బాకీ లేకుండా ఇచ్చాడట.
అట్టాగే పెట్టాను.
ఇప్పుడు నెల్లూరులో రెండు బిర్యానీ సెంటర్లు,
ఒక పెళ్ళి కార్డు, దోసె పిండి ప్యాకెట్టు మీద
డా దీర్ఘం పొంగుతోంది,
పిండి ప్యాకెట్టు మీద డా లేకపోయినా
దా ఉంది, అది కొంచెం తక్కువ పొంగుతుంది.
నీడలు అన్నీ కుడికే.
ఝ వాడినవాళ్ళు ఇంతవరకు లేరు.

నిన్న ఫోన్ చేశాడు.
"ఒత్తులకి వేరే తీసుకుంటుండావా?"
"లేదండీ, అన్నీ కలిపే అమ్ముతున్నాను."
అవతల మేక అరిచింది.
"నష్టపోతావమ్మాయ్" అన్నాడు.